ముందు తినే చెయ్యి నేర్పండి

పోటీ పరీక్షల ఇంగ్లీషు పుస్తకం ఏది తెరిచినా ఆ పేజీలు ఉంటాయి. ఎడమ గడిలో ఒక మాట, కుడి గడిలో అచ్చం దానిలాగే ఉండే ఇంకో మాట, పక్కన చెరో అర్థం. అఫెక్ట్, ఎఫెక్ట్. లూస్, లూజ్. డైరీ, డెయిరీ. ఇలా వందల జంటలు బారులు తీరి ఉంటాయి. కోచింగ్ సెంటర్లో రోజుకి ఇన్ని అని లెక్కగట్టి అప్పజెప్పించుకుంటారు. అప్పజెప్పేటప్పుడు అందరికీ వస్తాయి. తీరా పరీక్షలో వాక్యం మధ్య ఖాళీ ఇచ్చి నింపమంటే రెండు మాటలూ గుర్తొస్తాయి, రెండు అర్థాలూ గుర్తొస్తాయి. ఏ అర్థం ఏ మాటదో తేలక చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

దీన్ని చదివేవాళ్ళ అశ్రద్ధ కింద జమకట్టడం తేలిక. నన్నడిగితే తప్పు ఆ జాబితాది. కలిసిపోయే మాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పడమే వాటిని కలిపేస్తోంది. పైగా ఆ జాబితా తెలుగు చెవి కోసం తయారైంది కాదు. మనకి రాని జబ్బులకి మందులు రాసి, ఉన్న జబ్బుల్ని వదిలేస్తుంది.

కుడి తెలిస్తే ఎడమ అదే వస్తుంది

పిల్లలకి కుడి ఎడమలు ఎలా నేర్పుతామో చూడండి. "ఇది కుడి, ఇది ఎడమ, గుర్తుపెట్టుకో" అని రెండు చేతులూ ఒకేసారి ఎత్తించిన పిల్లాడు చాలాకాలం తడబడతాడు. "అన్నం తినే చెయ్యేది? అదే కుడి" అని ఒక్కదాన్నే పట్టించిన అమ్మమ్మకి ఆ గొడవ లేదు. కుడి గట్టిపడ్డాక రెండోదాన్ని నేర్పక్కర్లేదు, మిగిలిందే ఎడమ. (ఎడమచేతి వాటం పిల్లల్ని కూడా కుడిచేత్తోనే తినమని వేధించే ఇళ్ళ సంగతి వేరే మాట్లాడుకోవాలి.)

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా విశ్వవిద్యాలయంలో పదజాల బోధన మీద దశాబ్దాలు పనిచేసిన పాల్ నేషన్ కూడా ఈ అమ్మమ్మ పక్షమే. దగ్గర దగ్గరగా ఉండే మాటల్ని ఒకేసారి నేర్పితే ఒకదానికొకటి అడ్డం పడతాయి కాబట్టి, ఎక్కువ వాడుకలో ఉన్నదాన్ని ముందు గట్టిపరిచి, రెండోదాన్ని ఆ తర్వాత ఎప్పుడో తెమ్మంటాడు.

అసలు మన మాటలు మనకెలా వచ్చాయి? కల, కళ. గది, గడి. వాదన, వాడుక. ల-ళ, ద-డ జంటల పట్టిక పెట్టి ఎవరూ నేర్పలేదు. కల నిద్రతో వచ్చింది, కళ పెళ్ళిముఖంతో వచ్చింది. గది తలుపుతో వచ్చింది, గడి చదరంగంతో వచ్చింది. ఏ మాట తోడు ఆ మాటకుంది. ఇంగ్లీషు మాటకి కూడా అలాంటి తోడే కావాలి. జంటలో ఉన్న శత్రువు తోడు కాదు.

క్వయెట్ అనే మాట తీసుకోండి. క్లాసులో లీడర్‌ని నిలబెట్టి మేష్టారు బయటికి వెళతారు. లీడర్ బోర్డు మీద "కీప్ క్వైట్" అని రాసి, కింద మాట్లాడినవాళ్ళ పేర్లు రాస్తాడు. బోర్డు మీద చివర టి-ఇ పడుతుంది, అంటే 'చాలా' అనే అర్థం ఉన్న మాట. వాడి తప్పేం లేదు. మేష్టారు నోట వచ్చిందే ఒక్క దెబ్బలో పలికే "క్వైట్". నిశ్శబ్దం అనే మాటని ఇంగ్లీషులో రెండు దెబ్బలుగా పలుకుతారు: క్వయ్, ఎట్. స్పెల్లింగులోనూ ఆ ఎట్ అలాగే ఇ-టి అని ఉంది. మేష్టారు ఒక్కరు ఏడాదిపాటు "క్వయ్-ఎట్" అని పలికితే క్లాసు మొత్తానికి ఆ స్పెల్లింగు వచ్చేస్తుంది. రెండో మాట "క్వైట్ గుడ్", "క్వైట్ ఎ ఫ్యూ" లాంటి తోడుతో పై తరగతిలో ఎప్పుడో వస్తుంది, వచ్చినా దీన్ని చెదరగొట్టదు. పెద్దవాళ్ళ పుస్తకాల్లో క్వైట్ ఎక్కువ కనిపించవచ్చు. కానీ వాడుక అంటే ఆ చదివేవాడి వాడుక. నాలుగో తరగతి పిల్లాడికి రోజూ వినపడేది నోరు మూసుకోమనే మాటే కదా.

మనకి లేని జబ్బులు

జపాను, కొరియా వాళ్ళకి రైస్‌కీ లైస్‌కీ తేడా వినిపించడం కష్టం, ఒకటి అన్నం, ఇంకోటి పేలు. స్పానిష్ వాళ్ళకి షిప్, షీప్ ఒకేలా ఉంటాయి. ఫ్రెంచి వాళ్ళకి థింక్ నోరు తిరగదు. అంతర్జాతీయ మార్కెట్టు కోసం రాసిన పుస్తకాల్లో ఈ జంటలు పేజీలకి పేజీలు ఉంటాయి. వాటిని చూసి రాసిన మన పుస్తకాల్లోకీ దిగాయి.

మనకి వీటితో పనేముంది? ర, ల వేరని ఓనమాలతోనే వచ్చింది. హ్రస్వం, దీర్ఘం వేరని గుణింతంతోనే వచ్చింది, కాబట్టి షిప్-షీప్, ఫుల్-ఫూల్ మనల్ని ఏమీ చెయ్యలేవు. ఇంగ్లీషు 'టి'ని మనం ట అంటాం, 'టి-హెచ్'ని త అనో థ అనో అంటాం. ఇంగ్లీషువాళ్ళు రెండూ అలా పలకరు నిజమే, కానీ టిన్‌నీ థిన్‌నీ, టీమ్‌నీ థీమ్‌నీ తెలుగువాడు కలిపేసే ప్రసక్తే లేదు.

కలిపేసేవి వేరే. ఎస్, జెడ్ తేడా: ప్రైస్ ధర, ప్రైజ్ బహుమతి. జెడ్, జె తేడా: రెంటికీ మన దగ్గర ఒక్క జ ఉంది కాబట్టి పోలీసులు సరుకు సీజ్ చేసినా, సైన్యం కోటని సీజ్ చేసినా మన పేపర్లో ఒకటే రాత. మొదటిది జెడ్‌తో, స్పెల్లింగులో ఇ ముందు ఐ తర్వాత. రెండోది ముట్టడి, చివర జి-ఇ, స్పెల్లింగులో ఐ ముందు ఇ తర్వాత. ఇక 'ఆపు' అనే అర్థమున్న సీస్ చివర స్ పలుకుతుంది. ఆపమనే నోటీసుని జప్తు నోటీసు అనుకుంటే కంగారు అంతా ఇంతా కాదు.

వి, డబ్ల్యూ తేడా ఇంకోటి. మన వ ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది, అందుకే వెస్ట్ అంటే పడమరో బనియనో వినేవాళ్ళే తేల్చుకోవాలి. తర్వాత పొట్టి ఓ. డాక్టరు, కాలేజీ, ఆఫీసు, కాఫీ, ఇలా ఇంగ్లీషు పొట్టి ఓ అంతా తెలుగులోకి ఆ అయి వచ్చింది. 'ఎ' కూడా చాలాచోట్ల ఆ అయింది. దాని ఫలితంగా దత్తత తీసుకునే అడాప్ట్‌కీ, సర్దుకుపోయే అడాప్ట్‌కీ తెలుగు రాతలో తేడా లేకుండా పోయింది.

ఈ రెంట్లో ముందు ఏది నేర్పాలి? ఓ ఉన్నదే. ఎందుకంటే మన దేశంలో చాలా పాఠ్యపుస్తకాల మొదట్లో కనిపించే రాజ్యాంగ పీఠికలోనే అది ఉంది: 1949 నవంబరు 26న ఈ రాజ్యాంగాన్ని అడాప్ట్ చేసుకుని, శాసనం చేసి, మాకు మేము ఇచ్చుకుంటున్నాం అని. సభ ఓటేసి తీర్మానాన్ని తీసుకోవడం, దంపతులు బిడ్డని తీసుకోవడం, ఊరు కొత్త పద్ధతిని తీసుకోవడం, అన్నీ ఓ ఉన్న మాటే. అది స్థిరపడ్డాక రెండోదాని పొట్టలో ఉన్న ఎ-పి-టిని చూపించండి. ఆప్ట్ అంటే తగిన. తగినట్టు మార్చడం, మారడం. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక చిన్న సౌకర్యం: అక్కడివాళ్ళు పొట్టి ఓని మనలాగే ఆకి దగ్గరగా పలుకుతారు. కాబట్టి దత్తత మాటని ఉన్నది ఉన్నట్టే వదిలేసి, రెండోదాన్ని మాత్రం "అడ్యాప్ట్" అని, బ్యాంకులో ఉన్న య వినపడేలా అంటే సరిపోతుంది.

లూజు ప్యాంటు, ఫారం కోడి

ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకని చిక్కు ఒకటుంది. కొన్ని మాటలు తెలుగులోకి ఎప్పుడో వచ్చి, సంసారం పెట్టి, ఇప్పుడు వెనక్కి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు మనల్ని దారి తప్పిస్తాయి.

లూజు వీటిలో పెద్దది. ప్యాంటు లూజు, బోల్టు లూజు, లూజు మోషన్లు. తెలుగులో దీని అర్థం వదులు, పలుకుబడి జ. ఇంగ్లీషులో వదులు అనే మాట చివర స్ ఉంది: లూస్. జ్ లాగా పలికేది పోగొట్టుకోవడం, ఓడిపోవడం. అంటే ఇంగ్లీషువాళ్ళు "లూజ్" అన్నప్పుడల్లా మన చెవికి వదులు ప్యాంటు కనిపిస్తుంది. బరువు తగ్గిస్తామనే బోర్డుల మీద రెండు ఓలు పడటానికి కారణం అజాగ్రత్త కాదు, తెలుగు బాగా రావడం!

ఇంగ్లీషు కూడా ఇక్కడ సాయపడదు. గూస్, మూస్, నూస్ అన్నీ రెండు ఓలు, చివర స్. సరే, రెండు ఓలంటే స్ అని సూత్రం కడదామంటే చూజ్ వచ్చి చెడగొడుతుంది, దానికి రెండు ఓలూ ఉన్నాయి, జ్ కూడా ఉంది. అందుకే సూత్రం జోలికి పోకుండా తోడు పట్టుకోవడం మేలు. ఓడిపోయాడు, పోయింది అనడానికి లాస్ట్ అంటాం. తెలుగులో కూడా "మ్యాచ్ లాస్ట్", "లాస్ వచ్చింది" అంటాం. లాస్ట్‌లో ఒకటే ఓ, లాస్‌లో ఒకటే ఓ, దాని మూలరూపంలోనూ ఒకటే ఓ. మ్యాచ్, ఉద్యోగం, దారి, బరువు, తాళంచెవి: పోయేవన్నీ ఒక్క ఓ. ఇది రెండు వారాలు నలిగాక వదులు మాటని ముట్టుకోండి.

ఫారం ఇంకా తమాషా మాట. దరఖాస్తు ఫారం, ఫారం కోడి. మొదటిది ఎఫ్-ఓ-ఆర్-ఎం, రెండోది ఎఫ్-ఎ-ఆర్-ఎం. ఇంగ్లీషులో అచ్చులు పూర్తిగా వేరు, ఒకటి ఫోమ్‌కి దగ్గర, ఇంకోటి ఫామ్. తెలుగులో మాత్రం ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి లోపలికొచ్చారు. దీన్ని నయం చెయ్యడం తేలికే, ఎందుకంటే అగ్రికల్చర్ ఎ, కోడి ఎ. ఆఫీసు ఓ, దరఖాస్తు ఓ.

పాల కేంద్రం బోర్డు మీద డి-ఐ-ఎ-ఆర్-వై అని చాలా ఊళ్ళలో కనిపిస్తుంది. తెలుగు రాతలో డెయిరీ అని సరిగ్గా రాసినచోట కూడా పైన ఇంగ్లీషులో దినచర్య పుస్తకం ఉంటుంది. కారణం నోరు. పాలకైనా పుస్తకానికైనా మనం "డైరీ" అనే అంటాం. పాల మాటలో ముందు ఎ, తర్వాత ఐ: 'ఎయిర్' ఇండియాలో ఉన్న వరసే. 'డ' పక్కన ఎయిర్ తగిలిస్తే డెయిరీ. దినచర్యది లాటిన్‌లో రోజు అనే మాట, మొదట్లో డి-ఐ. పాల కేంద్రం మాటకి పుట్టిల్లు పాలు కూడా కాదు, పాత ఇంగ్లీషులో పిండి పిసికే మనిషి. లేడీ అనే మాట రెండో సగం కూడా ఆ పిండి పిసికే మనిషే.

ఫ్లాటు, ప్లాటు సంగతి డబ్బుతో పని కాబట్టి చెప్పాలి. పొట్టి ఓ ఆ అవడం వల్ల ఇక్కడ మిగిలిన తేడా ఫ, ప మాత్రమే. కాఫీని కాపీ అనే నోటికి ఆ తేడా కూడా లేదు. ఇంగ్లీషులో ఎల్ తర్వాత ఓ ఉంటే నేల, ఎ ఉంటే అపార్ట్‌మెంటు. ఫోన్లో బేరమాడేటప్పుడు "ఎన్ని గజాలు" అని అడిగితే తేలకపోవచ్చు, ఫ్లాటు అమ్మేవాళ్ళు కూడా విభజించని వాటా ఇన్ని గజాలని చెబుతారు. "ఎన్నో అంతస్తు" అని అడగండి, వెంటనే తేలుతుంది.

చెవి పనికిరాని చోట

ఇప్పటిదాకా చెప్పినవి చెవితో, నోటితో బాగయ్యేవి. ఇంగ్లీషువాళ్ళకే ఒకేలా వినిపించేవి ఇంకో రకం: స్టేషనరీ రెండూ, కాంప్లిమెంట్ రెండూ, ప్రిన్సిపల్ రెండూ. వీటిని ఎన్నిసార్లు విన్నా లాభం లేదు. ఇంగ్లీషు పుస్తకాలు ఇక్కడ ప్రిన్సిపల్ మీకు 'పాల్', అంటే స్నేహితుడు, అని గుర్తుపెట్టుకోమంటాయి. ఏ కాలేజీ ప్రిన్సిపాలు ఎవరికి స్నేహితుడో ఆ రాసినవాళ్ళకే తెలియాలి.

తెలుగులో అంతకంటే మంచి తాళంచెవి ఉంది: 'అసలు'. అప్పులో వడ్డీ కానిది అసలు, ఇంగ్లీషులో ప్రిన్సిపల్. అసలు కారణం, ప్రిన్సిపల్ రీజన్. కాలేజీలో అసలు మనిషి, ప్రిన్సిపాల్. 'అసలు' అని పెట్టి చూడండి, అతికితే చివర ఎ-ఎల్. 'సూత్రం' అతికితే ఎల్-ఇ, ఆర్కిమెడిస్ సూత్రంలాగా. ఇంకో విశేషం, ఇంగ్లీషు కలిపేసిన ఈ జంటని తెలుగు విడదీసింది. మనం ప్రిన్సిపాల్ గారంటాం, ప్రిన్సిపుల్స్ ఉన్న మనిషంటాం. ఆ పాల్, పుల్ స్పెల్లింగుని చూసి పలికినవే. యాస సరిదిద్దే ఉత్సాహంలో ఎవరైనా రెండూ ఒకేలా పలకాలని నేర్పితే ఉన్న ఊతకర్ర కూడా లాక్కున్నట్టే. నన్నడిగితే ఇది దిద్దక్కర్లేని తప్పు.

కాంప్లిమెంట్‌కి తెలుగు మీడియం లెక్కల పుస్తకం చాలు. కలిపితే 90 డిగ్రీలయ్యే పూరక కోణాలు ఇ ఉన్న మాట, పూర్తి చేసేది అని అర్థం. సమితుల్లో పూరక సమితి కూడా అదే. ఐ ఉన్నది మెచ్చుకోలు. హోటల్ గది అద్దెతోపాటు ఉచితంగా ఇచ్చే టిఫిను మర్యాద కోసం ఇచ్చేది, కాబట్టి ఐ. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుకి భయపడేవాళ్ళ దగ్గర ఇలాంటి తాళంచెవులు చాలా ఉన్నాయి, వాడుకోమని చెప్పేవాళ్ళే లేరు.

స్టేషనరీ జంట పుట్టుకలో ఒకటే. తిరుగుతూ అమ్మేవాళ్ళు కాక ఒకచోట నిలిచి కొట్టు పెట్టుకున్నవాడు స్టేషనర్, మధ్యయుగాల్లో విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాడు. బేకర్ది బేకరీ, గ్రోసర్‌ది గ్రోసరీ, స్టేషనర్‌ది స్టేషనరీ, మూడింట్లోనూ ఇ-ఆర్. కదలకుండా ఉన్నది ఎ-ఆర్. మన ఊళ్ళలో ఈ మాట కనిపించేదంతా కొట్టు బోర్డు మీదే కాబట్టి ఇ ఒక్కటి వస్తే సగం జీవితం గడిచిపోతుంది.

అఫెక్ట్, ఎఫెక్ట్ గురించి పుస్తకాల్లో కావలసినంత ఉంది, నేను పొడిగించను. తెలుగులో 'ప్రభావం' పడితే ఇ, 'దెబ్బతీసింది' లాంటి క్రియ పడితే ఎ. "తుఫాను ఎఫెక్ట్" అని పేపర్లు పెట్టే శీర్షిక నామవాచకమే, సరైనదే. మార్పు తీసుకురావడం అనే అర్థంలో ఇ ఉన్న మాట కూడా క్రియ అవుతుంది, ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. అది కనిపించినప్పుడు చూసుకోవచ్చు.

నోటికి చెప్పాల్సిన పని

జెడ్ మన నోటికి పూర్తిగా పరాయిది కాదు. జడ, జాలి అన్నప్పుడు పలికే జ, జిల్లాలో జ ఒకటి కావు. మొదటిదానికి పాత పుస్తకాల్లో ౙ అని వేరే అక్షరమే ఉంది. జడలో నాలుక ఉన్నచోటే ఉంచి, అంటుకోకుండా గాలి వదిలితే జెడ్‌కి చాలా దగ్గరికొస్తారు. ఇంకో దారి: స్‌స్‌స్ అని సాగదీస్తూ గొంతు మీద వేళ్ళు పెట్టండి, ఏమీ అదరదు. నాలుక కదపకుండా గొంతు కలపండి. వేళ్ళ కింద తేనెటీగ మోగితే అది జెడ్.

అది రాకపోయినా కొంప మునగదు, ఇంగ్లీషు చెవి ఆ చివరి హల్లు కంటే ముందున్న అచ్చు పొడుగుని ఎక్కువ పట్టించుకుంటుంది. ప్రైస్‌లో 'ఐ' టక్కున తెగుతుంది, ప్రైజ్‌లో సాగుతుంది. లూస్, లూజ్ కూడా అంతే. దీర్ఘాలు కొలిచి పలకడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని ఇక్కడ వాడుకోవాలి.

ఈ స్, జ్ తేడా పట్టుబడితే ఒక లాభం ఉంది. అడ్వైస్ సలహా, స్పెల్లింగులో సి. అడ్వైజ్ సలహా ఇవ్వడం, స్పెల్లింగులో ఎస్. డివైస్, డివైజ్ కూడా అదే లెక్క. సి నామవాచకం, ఎస్ క్రియ. ఇప్పుడు వినికిడిలో తేడా లేని ప్రాక్టీస్, లైసెన్స్‌లకి ఇదే కొలత అప్పు తెచ్చుకోవచ్చు: డ్రైవింగ్ లైసెన్సులో చివరి స్‌కి సి, లైసెన్సు ఇవ్వడంలో ఎస్. ఇది బ్రిటిష్, భారతీయ రాత. అమెరికాలో ప్రాక్టీస్‌కి రెండుచోట్లా సి, లైసెన్స్‌కి రెండుచోట్లా ఎస్. హైదరాబాదులో రాసిన రెజ్యూమె డల్లాస్‌కి పంపేటప్పుడు వర్డ్‌లో ప్రూఫింగ్ భాషని అమెరికా ఇంగ్లీషుకి మార్చుకుంటే ఇవి తేలిపోతాయి.

డబ్ల్యూకి పళ్ళతో పనిలేదు. ఉ అనడానికి పెదాలు గుండ్రంగా చుట్టి, అక్కణ్ణుంచి జారండి: ఉ-ఎస్ట్. వికి పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి, ఫ అనేటప్పటిలాగే, గొంతు మాత్రం కలపాలి. అద్దం ముందు చేస్తే పళ్ళు కనిపిస్తున్నాయో లేదో మీకే తెలుస్తుంది.

అంకెల దగ్గర మాత్రం పలుకుబడిని నమ్ముకోవద్దు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా ఊనికలో ఉందని, ఫిఫ్టీన్‌లో 'టీన్' గట్టిగా అనాలని పుస్తకాలు చెబుతాయి. కానీ పక్కన ఇంకో మాట రాగానే ఆ ఊనిక ముందుకి జరిగిపోతుంది, ఇంగ్లీషువాళ్ళ నోట కూడా. అందుకే మందు మోతాదైనా డబ్బైనా "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని విడదీసి రెండోసారి చెప్పడమే పద్ధతి.

మరి జాబితా ఎవరికి?

పక్కపక్కన పెట్టే జాబితా అసలు వద్దా అంటే, కావాలి. నేర్చుకునేవాడికి కాదు, సరిచూసేవాడికి. మందుల ప్రపంచం దీనికి మంచి ఉదాహరణ. చూడ్డానికి, వినడానికి ఒకేలా ఉండే మందుల పేర్ల జాబితాలు ఆసుపత్రి ఫార్మసీల్లో గోడకి అంటించి ఉంటాయి. దురదకి ఇచ్చే హైడ్రాక్సిజిన్, రక్తపోటుకి ఇచ్చే హైడ్రలజిన్ ఇంగ్లీషులో పక్కపక్కన పెడితే మొదలూ చివరా ఒకటే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో ఇలాంటి పేర్లలో తేడా ఉన్న ముక్కని మాత్రం పెద్దక్షరాల్లో రాయమని తయారీదారుల్ని ప్రోత్సహించింది. అదీ చాలనప్పుడు పేరే మార్చారు. దిగులుకి ఇచ్చే బ్రింటెలిక్స్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్రిలింటాతో కలిసిపోతోందని 2016లో దాన్ని ట్రింటెలిక్స్ చేశారు.

ఫార్మసిస్టుకి ఆ మందులు ముందే విడివిడిగా తెలుసు. గోడ మీద కాగితం నేర్పడానికి కాదు, ఇక్కడ ఒక్క క్షణం ఆగమని చెప్పడానికి. ఆగనిచోట ఏమవుతుందో బ్రిటన్‌లో కంపెనీల రిజిస్ట్రారు చూపించింది. 2009లో టేలర్ అండ్ సన్ అనే కంపెనీ మూతపడింది. రికార్డులో మాత్రం కార్డిఫ్‌లో నడుస్తున్న టేలర్ అండ్ సన్స్ మూతపడినట్టు ఎక్కింది. తప్పు దిద్దేలోపే అప్పులవాళ్ళు, సరఫరాదారులు వెనక్కి తగ్గారు, కొన్ని నెలల్లో ఆ కంపెనీ నిజంగానే కుప్పకూలింది. రిజిస్ట్రారుదే బాధ్యతని 2015లో హైకోర్టు తేల్చింది. ఒక్క ఎస్.

పరీక్షల్లో జంటలే అడుగుతారు కదా

అడుగుతారు. కాబట్టి జంటలు ప్రాక్టీసు చెయ్యాలి, చివరి నెలలో. అప్పటిదాకా ఒక్కో మాటకి మీ సొంత వాక్యాలు మూడు, దాని తోడు మాటలతో. జంటలో రెండోదానికి కనీసం రెండు వారాల ఎడం. తర్వాత కలిపి పరీక్ష పెట్టుకుంటే, తప్పు పోయిన జంటలే మీ జాబితా. పుస్తకంలో వందలున్నా ఒక మనిషికి నిజంగా కలిసిపోయేవి కొన్నే. నాకు దీంట్లో ఒక అనుమానం లేకపోలేదు. పరీక్షకి ఇరవై రోజులే ఉన్నవాడికి ఈ ఎడం పద్ధతి కుదరదు. వాడు బట్టీ పడతాడు, కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయి. అలాంటప్పుడు జంటలో ఒక్కదాన్నే పట్టుకుని రెండోదాన్ని "ఇది కానిది" అని వదిలెయ్యమనే చెబుతాను.

ఇన్ని తిప్పలెందుకు, కంప్యూటరు దిద్దదా అంటారు. కొంత దిద్దుతుంది. ఈ మధ్య వచ్చినవి వాక్యం మొత్తం చూసి చాలావరకు పట్టుకుంటున్నాయి. కానీ డిక్షనరీలో ఉన్న మాటే తప్పుచోట పడితే పాత పద్ధతి స్పెల్‌చెకర్‌కి అది తప్పే కాదు. మేనేజరు మాటలో ఒక ఎ జారిపోతే పశువుల గాడి అవుతుంది, దాని కింద ఎర్రగీత పడదు. వర్డ్‌లో ఎక్స్‌క్లూజన్ డిక్షనరీ అని ఒక ఫైలు ఉంటుంది, మీరెప్పుడూ రాయబోని మాటల్ని అందులో వేస్తే సరైన మాటైనా ఎర్రగీత గీస్తుంది. ఆ గాడి మాటని అందులో వేసి ఉంచండి.

రెజ్యూమెల్లో ఇంకో మూడు చూసుకోవాలి. రోల్ నంబరుకి రెండు ఎల్‌లు, ఉద్యోగంలో రోల్‌కి ఒక ఎల్, చివర ఇ. ప్రిన్సిపల్ ఇంజనీరంటే అసలు ఇంజనీరు, ఎ-ఎల్. మూడోది టీమ్‌ని నడిపించానని చెప్పే లెడ్. దీనికి ఎల్-ఇ-డి చాలు, మధ్యలో ఎ అక్కర్లేదు. ఇది తప్పడానికి కారణాలు రెండు. చదవడం అనే రీడ్‌కి భూతకాలం రెడ్ అయినా స్పెల్లింగు మారదు, దాన్ని చూసి ఇదీ అంతే అనుకుంటాం. పైగా సీసం అనే లోహాన్ని లీడ్ స్పెల్లింగుతోనే రాసి లెడ్ అని పలుకుతారు, కాబట్టి రాసింది చూస్తే కంటికీ తప్పనిపించదు. పంపేముందు కంట్రోల్-ఎఫ్ నొక్కి ఆ నాలుగక్షరాల మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. గడిచిపోయిన ఉద్యోగం కింద 'నడిపించాను' అనే అర్థంలో కనిపించిన ప్రతిచోటా ఎ తీసెయ్యండి, టీమ్ లీడ్ లాంటి హోదా పేరుని మాత్రం వదిలెయ్యండి.